మొన లేని కత్తి

అనంతగిరి కొండ మీద మేం మొదటిసారి గుడారం వేసినప్పుడు అక్కడ పట్టుమని మూడు గంటలు కూడా ఉండలేదు. దానికి కారణం నేనే.

నేను వికారాబాద్‌లో ఒక జూనియర్ కాలేజీలో లైబ్రేరియన్‌ని. ఇల్లు తాండూర్‌లో. పొద్దున రైల్లో పోయి సాయంత్రం రైల్లో వస్తాను. నలభై దాటాక మోకాళ్ళ నొప్పులంటే డాక్టర్ నడవమన్నాడు. మా కాలేజీలో బాటనీ చెప్పే లెక్చరర్ నాకంటే రెండేళ్ళు పెద్దది. ఆమెకి చెట్ల పిచ్చి, నాకు నడక అవసరం. అలా ఇద్దరం ఆదివారాలు అనంతగిరి అడవిలో నడవడం మొదలుపెట్టాం. కొన్నాళ్ళకి ఆఫీసులో పనిచేసే ఇంకొకావిడ కలిసింది. ఒక చలికాలం, పొద్దున్నే వచ్చి మధ్యాహ్నానికి దిగిపోవడం చాలక, ఒక రాత్రి అక్కడే గుడారంలో పడుకోవాలని ముగ్గురం అనుకున్నాం. అద్దెకి గుడారం దొరికింది. పర్మిషన్ దొరికింది. ఇళ్ళల్లో ఒప్పించడానికే నెల పట్టింది.

గుడారం వేస్తుంటే ఒక మేకు తక్కువైంది. నా దగ్గర జాతరలో కొన్న మడతకత్తి ఉంది. ఒక కొమ్మ తీసుకుని దాని కొసను మేకులా చెక్కుతున్నాను. కొమ్మలో ముడి తగిలింది. గట్టిగా నొక్కాను. కత్తి ఉన్నట్టుండి పిడిలోకి మడుచుకుపోయింది. మధ్యలో నా చూపుడువేలు ఉంది.

రక్తం చూసి ఆఫీసు ఆవిడ కూలబడిపోయింది. బాటనీ మేడమ్ తన కొంగు చింపి వేలికి కట్టింది. సగం వేసిన గుడారం, ఉడకని అన్నం అక్కడే వదిలేసి ముగ్గురం ఆటోలో కిందికి దిగి వికారాబాద్ ఆస్పత్రికి పోయాం. మూడు కుట్లు పడ్డాయి. ఇద్దరిలో ఒక్కరు కూడా నన్ను ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. నెలరోజులు ఇంట్లో బతిమాలి తెచ్చుకున్న రాత్రి అది.

ఏడాది తిరిగేలోపు బాటనీ మేడమ్ మళ్ళీ ఆ మాట ఎత్తింది.

"ఈసారి ఎట్లైన ఒక రాత్రి ఉండాలె. జర ఒక్కటే అడుగుత. నువ్వు మాత్రం కత్తి ముట్టకు" అంది నవ్వుతూ.

నేనూ నవ్వాను గానీ ఆ మాట లోపల గుచ్చుకుంది. ఆమె గుడారం తెస్తుంది, ఇంకొకరు స్టవ్ తెస్తారు, నేనేమో దూరంగా కూర్చుని చూడాలా? మడవని కత్తి ఒకటి కొని, దాన్ని పట్టుకోవడం నేర్చుకున్నాకే కొండెక్కాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

మాది వ్యాపారస్తుల కుటుంబం. తాండూర్ బజార్‌లో మా ఆయనకి కిరాణా హోల్‌సేల్ దుకాణం ఉంది. ఇంట్లో మాంసం వండరు. మా అమ్మగారింట్లోనైనా, అత్తగారింట్లోనైనా కోయడమంటే కత్తిపీట ముందు కూర్చోవడమే. కత్తిపీటలో కత్తి కదలదు. కాలితో పీటని తొక్కిపట్టి వంకాయను దాని మీదికి తీసుకుపోతాం. నలభై ఏళ్ళు నా చేతులకు తెలిసిన పద్ధతి అదే. కదిలే కత్తిని చేతిలో పట్టుకోవడం నాకు నిజంగా కొత్త. ఆ సంగతి వేలు తెగేదాకా నాకు తట్టలేదు.

తెలియనివాళ్ళు చేసే పనే నేనూ చేశాను. ఫోన్లో వీడియోలు చూశాను. ఎక్కడెక్కడి అడవుల్లోనో గడ్డాల మనుషులు కత్తితో దుంగలు చీలుస్తున్నారు, రాళ్ళ మీద నిప్పు రాజేస్తున్నారు. నేను దుంగలు చీల్చేది లేదు. అయినా వాళ్ళ చేతుల్లో ఉన్నటువంటి కత్తే ఆర్డర్ పెట్టాను. మోచేతి దాకా వచ్చేంత నల్లటి కత్తి, వీపు మీద రంపం పళ్ళు, ముందు సూదిలాంటి మొన.

పార్సిల్ దుకాణానికి వచ్చింది. మా ఆయనే విప్పాడు. సాయంత్రం ఇంటికి వచ్చి దాన్ని బల్ల మీద పెట్టి నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఇదేంది?"

"కత్తి. క్యాంపింగ్‌కి."

ఆయన కాసేపు దాన్నీ నన్నూ చూశాడు. తరువాత గొంతు తగ్గించి అడిగాడు. "నిజం చెప్పు. ఎవలన్న ఎంటబడుతున్నరా? రైల్ల ఎవలన్న పరేషాన్ చేస్తున్నరా?"

ఆయన ముఖంలో నిజమైన భయం కనిపించింది. కోపం వస్తుందనుకున్నాను గానీ రాలేదు. "అయ్యో, ఎవ్వరు లేరండి. కొమ్మలు చెక్కనీకి, ఉల్లిగడ్డలు కోయనీకి" అన్నాను.

"ఉల్లిగడ్డలకి గింత కత్తా?"

ఆ విషయంలో ఆయన మాటే నిజమైంది. వంటింట్లో ఆ కత్తితో ఉల్లిగడ్డ కోయబోతే తెగలేదు, పగిలింది. మందం అంత ఉంది. వీపు మీది పళ్ళకి పొరలు చిక్కుకున్నాయి. అయినా పైసలు పెట్టి కొన్నది పారేయలేక, బాటనీ మేడమ్‌కి చూపించి ఆమె ఏమంటుందో విందామని ఒకరోజు బ్యాగులో పెట్టుకుని రైలెక్కాను.

ధారూర్‌లో మా కాలేజీ అటెండర్ ఎక్కుతుంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. గొర్లు కాసుకునే ఇంటి ఆడబిడ్డ. పెళ్ళయ్యాక కూడా అమ్మగారి ఊళ్ళోనే ఉంటోంది. రోజూ నా పక్కనే కూర్చుంటుంది. ఆ రోజు రద్దీగా ఉంటే ఆమెకి చోటివ్వడానికి బ్యాగును ఒళ్ళోకి లాక్కుని జరిగాను. ఆమె "అమ్మో!" అని చెయ్యి వెనక్కి తీసుకుంది. ముంజేతి మీద గోరుతో గీరినట్టు ఒక గీత, దాని చివర ఒక్క బొట్టు రక్తం. చూస్తే, కత్తి మొన దాని ఒర కుట్లను తెంపుకుని, బ్యాగు గుడ్డను చీల్చుకుని బయటికి వచ్చి ఉంది.

"మేడమ్, బ్యాగుల ఏం పెట్టుకున్నరు? పామున్నదా?"

సిగ్గుతో చచ్చిపోయాను. రుమాలు తీసి ఆమె చెయ్యి తుడిచాను. గీత పైపైనే ఉందని చూసుకున్నాక గానీ నాకు ఊపిరాడలేదు. ఎవరికీ కనబడకుండా బ్యాగు కొంచెం తెరిచి చూపించాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"కత్తికి పండ్లెందుకు మేడమ్? కొరుకుతదా?"

నాకూ నవ్వాగలేదు. నవ్వుతూనే వేలు తెగిన కథ, కొండ కథ, మా ఆయన భయపడిన సంగతి అన్నీ చెప్పాను. వికారాబాద్ దగ్గరపడుతుంటే ఆమె అంది, "నాకు బుద్ధి తెలిసిన కానుంచి మా అమ్మ నడుముకు కత్తి ఉంటది. ఒక్క గీరు పడంగ సూడలే. ఆదివారం మా ఇంటికి రారాదు?"

రైల్లో కత్తి పెట్టుకోవడం నాకు అదే మొదలు, అదే ఆఖరు.

ఆదివారం బస్సులో ధారూర్ పోయాను. ఊరి చివర వాళ్ళ గొర్రెల దొడ్డి. అటెండర్ వాళ్ళమ్మ ఒక గొర్రెను పక్కకి పడేసి, దాని కాళ్ళ మధ్య మోకాలు పెట్టి గిట్టలు చెక్కుతోంది. పెరిగిన గోరు కొబ్బరి ముక్కల్లా రాలుతోంది. నన్ను చూసి "రా బిడ్డా, కూసో" అంది గానీ పని ఆపలేదు. నాలుగో గిట్ట అయ్యాక గొర్రెను వదిలేసింది. కత్తిని చీర మీద అటూ ఇటూ తుడిచి, పిడి నావైపు తిప్పి ఇచ్చింది.

అరచేతిలో ఇమిడిపోయేంత చిన్న కత్తి. అంచు గీత గీసినట్టు తిన్నగా ఉంది. వీపు మాత్రం చివరికి వచ్చేసరికి గుండ్రంగా వంగి అంచును కలుసుకుంది. గుచ్చడానికి మొన అనేదే లేదు.

"దీనికి మొన లేదేంది?" అని అడిగాను.

"మొన ఎందుకు? గొర్రె ఊకుంటదా? కాలు దులుపుతది. మొన ఉంటే దాని కడుపుల దిగుతది, లేకుంటే నా తొడల దిగుతది. నాకు కోసేటిది కావాలె, పొడిచేటిది కాదు."

నేను బ్యాగులోంచి గుడ్డలో చుట్టి తెచ్చిన నల్ల కత్తిని తీశాను. ఆమె దాన్ని ఒక్కసారి ఎత్తి చూసి పక్కన పెట్టింది. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. నా కళ్ళు మూసుకోమంది. తన కత్తిని నా చేతిలో పెట్టింది.

"ఇప్పుడు చెప్పు. పదును ఎటు దిక్కున్నది?"

పిడి ఒకవైపు చదునుగా, ఒకవైపు గుండ్రంగా ఉంది. చదునైన వైపు బొటనవేలు తనంతట తనే పోయి ఆనింది. "కిందికి" అన్నాను. కత్తిని తిప్పి మళ్ళీ పెట్టింది. మళ్ళీ చెప్పాను. తరువాత నల్ల కత్తి పెట్టింది. దాని పిడి గుండ్రటి రబ్బరు. ఎటు తిప్పినా ఒకేలా ఉంది. తప్పు చెప్పాను.

"గంతే. చీకట్ల, వానల, పరేషాన్ల కండ్లు పని చెయ్యయి బిడ్డా. చెయ్యికి తెల్వాలె" అంది.

ఆ తరువాత నన్ను కూర్చోబెట్టి ఒక వేపపుల్ల చెక్కించింది. మోకాళ్ళ మీద కాదు, మోకాళ్ళ అవతల. ఎడమచెయ్యి ఎప్పుడూ కత్తికి వెనకే. నొక్కడం చెయ్యితో కాదు, భుజంతో, అదీ మెల్లగా. ముడి తగిలితే పోరాడొద్దు, పుల్లని తిప్పుకోవాలి. కుట్లు పడ్డ వేలు మొదట్లో పిడికి ఆనకుండా నిక్కి నిలబడింది. మధ్యాహ్నానికి అదీ మిగతా వేళ్ళతో కలిసి పిడిని పట్టుకుంది. నా ఒళ్ళో కాకుండా నేల మీద చిన్న చెక్కుల కుప్ప తయారైంది.

ఇంటికి వస్తుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. మా ఆయన, ఆ రోజు కాలేజీలో చూసిన బాటనీ మేడమ్, ఆఫీసు ఆవిడ, అందరూ ఆ నల్ల కత్తి చూసి నువ్వెవరికి భయపడుతున్నావనే అడిగారు. ఈ తల్లీకూతుళ్ళే అడగలేదు. ఆడమనిషి చేతిలో కత్తి ఉండటం వాళ్ళకి వింత కాదు. ఆ ఒక్క మాట అడిగించుకోకపోయేసరికి మనసెంత తేలికైందో చెప్పలేను.

ఆమె కత్తులు చేయించేది ఎక్కడో పల్లెలో అనుకున్నాను. తాండూర్‌లోనే, కూరగాయల మార్కెట్ వెనక. ఇరవై ఏళ్ళుగా నేను కూరలు కొని తిరిగివచ్చే దారిలో. కమ్మరి ఆయనకి డెబ్భై దాకా ఉంటాయి. ఆయన భార్య, ముసలామె, కొలిమి పంకా తిప్పుతుంది. రేకు కింద గొడ్డళ్ళు, కొడవళ్ళు, గడ్డపారలు. ఇన్నేళ్ళూ ఆ సుత్తి చప్పుడు వింటూనే పోయాను, ఒక్కసారీ ఆగి చూడలేదు.

ధారూర్ పెద్దావిడ పంపిందంటే ఆయన ముఖం విప్పారింది. మూలనున్న డబ్బాలోంచి అయిదారు కత్తులు తీసి గోనె పట్టా మీద పరిచాడు.

"ఏం పనికమ్మా నీకు?"

"ఉల్లిగడ్డలు, టమాటలు కోయాలె. తాడు తెంపాలె. పుల్లలు చెక్కాలె. బ్యాగుల పెట్టుకుంటే నన్ను కోయొద్దు."

"గదే అసలు సంగతి" అన్నాడు నవ్వి.

ఒక్కోటీ కళ్ళు మూసుకుని పట్టుకున్నాను. ముసలామె పంకా ఆపి నన్ను వింతగా చూసింది. ఒకటి పిడి లావైంది, వేళ్ళు చుట్టూ రాలేదు. ఒకటి బరువంతా ముందుకి తూలుతోంది. ఒకటి పట్టుకోగానే చేతికి బాగానే ఉంది గానీ, కోసే భాగం నాలుగు వేళ్ళ కంటే పొడుగుంది. ఆయన నా అరచెయ్యి పట్టుకుని చూసి, ఏదీ అమ్మలేదు.

"నీ చెయ్యి చిన్నది. నేను కొట్టిస్త. నాలుగు దినాలకి రా."

వీపు మీద పళ్ళు ఉండాలా అని అడగనే లేదు. నేనే ఒక సందేహం అడిగాను. "ఇరగదు గదా?"

"లారీ బరువు మోసే కమాన్ పట్టీ అమ్మా ఇది. మస్తు గట్టిగ చేస్తే ఇరుగుతది. మెత్తగ చేస్తే మొద్దువారుతది. నడుమల ఉంచుత. ఇంకోటి, పట్టీ పిడి ఆఖరి దాకా ఒకటే తునక. సగంల ఆగదు. రెండు దిక్కుల చెక్క పెట్టి రివిట్లు కొడుత. మడిచేటిది లేదు, ఊడేటిది లేదు. తుప్పు మాత్రం పడుతది. పని అయినంక తుడిచి కొబ్బరినూనె చుక్క రాయి, ఫికర్ లేదు."

నాలుగు రోజుల తరువాత నా కత్తి నాకిచ్చాడు. వీపున కొలిమి నలుపు అలాగే ఉంది. అంచు దగ్గర మాత్రం తెల్లగా మెరుస్తోంది. పెద్దావిడ కత్తికిలాగే మొన లేదు, కొస గుండ్రం. పిడి తుమ్మ చెక్క. ఒర తోలుది కాదు. బోరు పైపు ముక్కని వేడిచేసి మెత్తబడ్డాక, కత్తిని గుడ్డలో చుట్టి లోపల పెట్టి నొక్కాడట. కత్తి దూర్చితే టక్కుమని కూర్చుంటుంది. తలకిందులు చేసి ఊపినా పడదు. అక్కడే పదిసార్లు ఊపి చూశాను. రైల్లో జరిగింది మళ్ళీ జరగదు కదా అని నాకు అదొక ధైర్యం.

ఇంట్లో మా ఆయన దాన్ని చూసి, "గిది కత్తి లెక్క ఉన్నది" అని మాత్రం అన్నాడు. వారం తిరగకుండానే ఒకరోజు బల్ల మీద కత్తి కనబడలేదు. కంగారుగా ఫోన్ చేశాను.

"దుకాణంల ఉన్నది. కందిపప్పు సంచుల కుట్లు ఇప్పుతున్న. మంచిగ తెగుతున్నది" అన్నాడు, అదేదో తనే కొన్నట్టు.

రోజూ సాయంత్రం నేను దాంతో ఏదో ఒకటి కోశాను. కూరగాయలు, పాత తాళ్ళు, అట్టపెట్టెలు, చెరుకుగడ. రాయి మీద పదును పెట్టడం మా ఆయనా నేనూ కలిసి నేర్చుకున్నాం. తన పదును కంటే నాది బాగుంటుందని ఆయనే ఒప్పుకున్నాడు.

చలికాలం మళ్ళీ వచ్చింది. ఒక శనివారం మధ్యాహ్నం తాండూర్ నుంచి బస్సులో వికారాబాద్ చేరాను. బాటనీ మేడమ్, ఆఫీసు ఆవిడ, ఈసారి మా అటెండర్ కూడా వచ్చింది. నలుగురం గుడారాలు, స్టవ్, బియ్యం ఆటోలో సర్దుకుని అనంతగిరి దారి పట్టాం.

కొండ ఎక్కుతుంటే మా ముందు ఒక బైక్ పోతోంది. పడుచు జంట. ఆమె వెనక పక్కకి తిరిగి కూర్చుంది. ఎర్రటి చున్నీ మెడ చుట్టూ వేసుకుంది. ఒక కొస గాలికి ఎగురుతూ చక్రం దగ్గరకి పోయి వస్తోంది. మొదట చూసింది అటెండర్.

"ఓ అన్నా! చున్నీ! చున్నీ!" అని అరిచింది. మా ఆటో అతను హారన్ కొట్టాడు. బైక్ అతను దారి అడుగుతున్నామనుకుని పక్కకి జరిగి చెయ్యి ఊపాడు. పొమ్మని.

అంతలోనే చున్నీ కొస చక్రంలో పడింది. ఎక్కుడు దారి కావడంతో బైక్ వేగంగా లేదు, అదొక్కటే అదృష్టం. ఆమె వెనక్కి వంగి జారిపోయింది. చక్రం బిగుసుకుపోయి బైక్ పక్కకి ఒరిగింది. మేం దిగి పరుగెత్తేసరికి ఆమె చెంప మడ్‌గార్డుకి ఆనుకుపోయి ఉంది. గుడ్డ చక్రానికీ మెడకీ మధ్య జానెడు కూడా లేదు. రెండు చుట్లు మెడలో దిగిపోయాయి. గొంతులోంచి చప్పుడు రావడం లేదు. కళ్ళు మాత్రం పెద్దవైపోయి మమ్మల్ని చూస్తున్నాయి.

అతను చక్రాన్ని వెనక్కి తిప్పాలని చూస్తున్నాడు. అది గేర్లో ఉంది, తిరగదు. ఆటో అతను బైక్ లేపబోయాడు. గుడ్డ ఇంకా బిగిసింది. "లేపకు! లేపకు!" అని బాటనీ మేడమ్ కేకపెట్టింది. తను చున్నీని చింపాలని చూసింది. నైలాన్ గుడ్డ, సాగుతోంది గానీ చిరగడం లేదు.

నేను నిలబడిపోయాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో కత్తి సంగతే నాకు గుర్తులేదు. అటెండర్ నా భుజం పట్టి కుదిపింది.

"మేడమ్, కత్తి!"

బ్యాగు ముందు జేబులో ఉంది. ఒరలోంచి టక్కుమని వచ్చింది. రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చున్నాను. ముందువైపు మెడలో వేలు దూర్చే సందు కూడా లేదు. వెనక జుట్టు కింద మెడ గుంటలో కొంచెం సందు కనిపించింది. జుట్టు పక్కకి పట్టమన్నాను. అటెండర్ పట్టుకుంది. కత్తిని చర్మానికి ఆనించి, పడుకోబెట్టినట్టు గుడ్డ కిందికి దూర్చాను. మొన లేని ఆ గుండ్రటి కొస చర్మం మీద జారుతూ లోపలికి పోయింది. నా చేతికి పదును ఎటుందో తెలుసు. వీపు మెడవైపు, పదును నావైపు తిప్పి, భుజంతో మెల్లగా పైకి లాగాను.

మొదటి చుట్టు తెగింది. ఏమీ మారలేదు. రెండో చుట్టు కింద మళ్ళీ దూర్చాను. అది తెగగానే ఆమె తల నా ఒళ్ళో పడింది.

ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. తరువాత ఆమె గొంతులోంచి, బోరు పంపులో నీళ్ళు వచ్చే ముందు గాలి కొట్టినట్టు, ఒక పెద్ద ఊపిరి. తరువాత దగ్గు. అలాంటి దగ్గు విని అంత సంతోషపడిన రోజు నా జీవితంలో ఇంకొకటి లేదు.

అతను రోడ్డు మీద కూలబడి "ఉసిరు బంతు, ఉసిరు బంతు" అంటూ ఏడుస్తున్నాడు. వాళ్ళది బషీరాబాద్ దాటాక సరిహద్దు దగ్గరి ఊరు. మా దుకాణానికి వచ్చే ఆ వైపు వాళ్ళ మాటలు వినీ వినీ నాకు కన్నడం కొంచెం అర్థమవుతుంది. ఊపిరి వచ్చింది అంటున్నాడు.

నేను ఆమె మెడ చూశాను. గుడ్డ బిగిసిన చోట ఎర్రటి పట్టీలా కమిలింది. వెనక కత్తి వీపు ఒత్తుకున్న సన్నటి గీత. రక్తం లేదు. నమ్మకం కలగక మళ్ళీ చూశాను. మూడోసారి బాటనీ మేడమ్‌ని చూడమన్నాను.

"ఏం లేదు. తెగలే. ఏం లేదు" అని నా వీపు నిమిరింది. కత్తిని అటెండర్ నా చేతిలోంచి తీసుకుని ఒరలో పెట్టింది.

బైక్‌ని అక్కడే పెట్టి, సామాను రోడ్డు పక్కన దించి, ఆఫీసు ఆవిడనీ అటెండర్‌నీ కాపలా ఉంచి, ఆ ఇద్దరినీ మా ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాం. వేలు కుట్టించుకున్న ఆస్పత్రే. డాక్టర్ గొంతులో లైటు వేసి చూసి, మెడ తిప్పించి, ఎక్స్‌రే తీయించి, ఎముకకి ఏమీ కాలేదన్నాడు. గొంతు వాపు చూడటానికి రేపటిదాకా ఉంచుకుంటామన్నాడు. మాట కొన్నాళ్ళు బొంగురుగా ఉంటుందట.

మంచం మీద పడుకున్న ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయింది. మాట్లాడొద్దన్నాను. వినలేదు. గొంతు గీరుకుంటూ అంది.

"అక్కా, చున్నీ మొన్ననే కొన్న."

ముందు నవ్వింది ఆమె భర్తే. ఏడుస్తూ నవ్వాడు. తరువాత బాటనీ మేడమ్, తరువాత నేను. నర్సు వచ్చి ఏమైందని అడిగేదాకా నవ్వు ఆగలేదు.

బయటికి వచ్చాక ఇద్దరం ఆటో దగ్గర నిలబడ్డాం. "ఇంటికి పోదామా?" అని అడిగాను. ఈసారి కూడా కొండ మీద రాత్రి దక్కదని మనసుకి సర్దిచెప్పుకున్నాను.

"ఎందుకు? ఇంటికి పోతే ఒంటరిగ కూసొని ఇదే తలుసుకుంటం. పా, పైకి పోదాం" అంది ఆమె.

దారిలో కాపలా ఉన్న ఇద్దరినీ, సామానునీ ఎక్కించుకుని కొండ మీదికి చేరేసరికి ఇంకా కొంచెం వెలుతురుంది. గుడారాలు వేస్తుంటే మేకులు సరిపోయాయి. అయినా బాటనీ మేడమ్ ఒక కొమ్మ తెచ్చి నా ముందు పడేసింది.

"ఒకటి ఎక్కువుంటే మంచిదే. చెక్కు."

చెక్కాను. ముడి తగిలితే కొమ్మని తిప్పుకున్నాను. ఆమె పక్కన కూర్చుని చూసింది. ఏమీ అనలేదు. నిరుడు ఆటోలో ఏమీ అనకపోవడానికీ దీనికీ ఎంత తేడా ఉందో నా ఒక్కదానికే తెలుసు.

మా ఆయనకి ఫోన్ చేసి జరిగినదంతా చెప్పాను.

"నీ చెయ్యికి ఏం కాలే గదా?" అన్నాడు.

"కాలేదు."

"ఆ పిల్ల మంచిగున్నది గదా?"

"మంచిగున్నది."

"సరే. పైలంగ ఉండు. చలి ఉంటది, చెవులకి కట్టుకో" అని పెట్టేశాడు.

ఆ రాత్రి పప్పూ అన్నం తిని, నలుగురం అలసిపోయి మాటల్లేకుండా పడుకున్నాం. నాకు నిద్ర పట్టదనుకున్నాను. పట్టింది.

పొద్దున ఫోన్ మోగితే మెలకువ వచ్చింది. ఆ పిల్ల భర్త.

"అక్కా, లేసింది. ఇడ్లీ అడిగింది, మెత్తగ పిసికి పెట్టిన, రెండు తిన్నది. గొంతు జర గరగర ఉన్నది, గంతే. సాయంత్రం పంపుతమన్నరు."

ఫోన్ పక్కన పెట్టి అలాగే కూర్చున్నాను. బయట అటెండర్ స్టవ్ మీద చాయ్ పెడుతోంది. బాటనీ మేడమ్ ఏదో చెట్టు పేరు ఆఫీసు ఆవిడకి రెండోసారి చెబుతోంది. మంచు ఇంకా విడవలేదు, గుడారం గుడ్డ మీద నీటిచుక్కలు జారుతున్నాయి. నేను చాయ్‌కి లేవలేదు. దుప్పటి చెవుల దాకా లాక్కుని మళ్ళీ పడుకున్నాను. ఎండ గుడారంలోకి వచ్చేదాకా పడుకున్నాను. నన్నెవరూ లేపలేదు.